మీ పేపర్‌కు వచ్చిన సైటేషన్లు రాబట్టుకోవడం, కొత్తవి పెంచుకోవడం ఎలా?

"పేపర్ వచ్చి ఏడాదిన్నర అయింది. గూగుల్ స్కాలర్‌లో సైటేషన్లు ఏడు చూపిస్తోంది, స్కోపస్‌లో మూడే ఉన్నాయి, వెబ్ ఆఫ్ సైన్స్‌లో అసలు పేపరే దొరకడం లేదు. వీటిలో ఏది నిజం? పెరగాలంటే ఏం చేయాలి?" కాస్త అటూ ఇటూగా ఇదే ప్రశ్న పదేపదే వస్తోంది. సైటేషన్ అంటే ఇంకొకరు తమ పేపర్‌లో మీ పేపర్‌ను ఆధారంగా ఉదహరించడం. గూగుల్ స్కాలర్, స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వాటిని లెక్కపెట్టే డేటాబేసులు. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు అడుగుతున్నారు, పదేళ్లుగా పాఠాలు చెబుతున్నవాళ్లూ అడుగుతున్నారు. అందుకే అంతా ఒకచోట, చేసే వరుసలో రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం. "సైటేషన్లు రావడం లేదు" అని నన్ను అడిగినవాళ్లలో ఎక్కువమందికి సైటేషన్లు వచ్చాయి. కాకపోతే అవి రెండు మూడు పేర్ల కింద, రెండు మూడు రికార్డుల కింద చెదిరిపోయి ఉన్నాయి. కాబట్టి వచ్చినవాటిని ముందు ఒకచోట చేర్చుకోండి. 1 నుంచి 5 వరకు ఉన్న మెట్లు అందుకే. కొత్తవి పెరిగే దారి 6 నుంచి మొదలవుతుంది. తొందరపడి నేరుగా అక్కడికి దూకితే, రేపు వచ్చే సైటేషన్లు కూడా ఇలాగే చెదిరిపోతాయి.

కావలసినవి

• మీ పేపర్లన్నిటి జాబితా. శీర్షిక అచ్చులో ఎలా ఉందో అలాగే, జర్నల్ పేరు, సంవత్సరం, సంపుటి, పేజీలు, డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య).
• మీ పేరు ఇప్పటివరకు ఎన్ని రకాలుగా అచ్చయిందో ఆ రూపాలన్నీ. ఒకచోట పూర్తి పేరు, ఒకచోట పొడి అక్షరాలు, ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక.
• సంస్థ ఇచ్చిన ఈమెయిల్ ఒకటి, ఉద్యోగం మారినా మీతో ఉండే సొంత ఈమెయిల్ ఒకటి.
• రివ్యూ (తోటి నిపుణుల పరిశీలన) పూర్తయి, జర్నల్ అంగీకరించాక మీరు చివరిసారి పంపిన వర్డ్ లేదా లేటెక్ కాపీ. చాలామంది దీన్ని పారేసుకుంటారు. పాత మెయిళ్లు వెతికైనా బయటికి తీయండి, 6వ మెట్టులో ఇదే కీలకం.
• ఒక స్ప్రెడ్‌షీట్.
• మొదటిరోజు మూడు నాలుగు గంటలు, ఆ తర్వాత మూడు నెలలకోసారి ఒక గంట.

1. పేరును ఒక రూపంలో స్థిరపరచండి, ఆర్కిడ్ నంబరు తీసుకోండి

ఇకపై ఏ పేపర్‌లోనైనా మీ పేరు ఒకే రూపంలో రావాలి. ఏ రూపమన్నది మీ ఇష్టం. ఇప్పటికే ఎక్కువ పేపర్లు ఏ రూపంలో ఉంటే దాన్నే ఉంచుకోవడం సులువు.

తర్వాత ఆర్కిడ్. 2012లో మొదలైన ఈ సేవ ప్రతి పరిశోధకుడికీ 16 స్థానాల గుర్తింపు సంఖ్యను ఉచితంగా ఇస్తుంది. చివరి స్థానంలో అంకెకు బదులు ఎక్స్ అనే అక్షరం వస్తే కంగారుపడకండి, అది తనిఖీ కోసం పెట్టిన గుర్తు. ఖాతా తెరిచాక రెండు ఈమెయిళ్లూ చేర్చండి. పేపర్లను ఒక్కొక్కటిగా టైపు చేయకుండా, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ నుంచి వెతికి కలిపే సదుపాయం వాడండి. అప్పుడు వివరాలతోపాటు డీఓఐ కూడా సరిగా వస్తుంది. కొత్త పేపర్ పంపేటప్పుడు జర్నల్ ఫారంలో ఆర్కిడ్ నంబరు ఇచ్చి, క్రాస్‌రెఫ్‌కు అనుమతి కూడా ఇస్తే, పేపర్ అచ్చయినప్పుడు మీ జాబితాలోకి దానంతటదే చేరుతుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, వేర్వేరు ఈమెయిళ్లతో రెండు ఆర్కిడ్లు తెరవడం. అలా జరిగి ఉంటే ఒకదాన్ని డూప్లికేట్‌గా చూపించి రెండోదాంట్లో కలిపేయొచ్చు. రెండోది, వివరాలను "నాకు మాత్రమే కనిపించాలి" అనే సెట్టింగ్‌లో వదిలేయడం.

సరిచూసుకోండి: బ్రౌజర్‌లో ప్రైవేటు విండో తెరిచి, లాగిన్ కాకుండా మీ ఆర్కిడ్ పేజీ చూడండి. అక్కడ పేపర్లు కనిపించకపోతే లోకానికీ కనిపించడం లేదు.

2. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌ను శుభ్రం చేయండి

ప్రొఫైల్ లేకపోతే తెరవండి, ఉంటే బాగుచేయండి. సంస్థ ఈమెయిల్‌తో ధ్రువీకరించి, ప్రొఫైల్‌ను పబ్లిక్ చేయాలి. ధ్రువీకరణ లేని ప్రొఫైల్ స్కాలర్ వెతుకులాటలో పైకి రాదు.

అసలు పని దీని తర్వాతే మొదలవుతుంది. స్కాలర్ మీ పేరుతో ఉన్న పేపర్లను గుంపులు గుంపులుగా చూపించి "ఇవి మీవేనా?" అని అడుగుతుంది. గుంపు మొత్తానికి ఒక్కసారే అవునని చెప్పేయకండి. పేరు కాస్త సాధారణమైనదైతే, మీరు రసాయనశాస్త్రంలో ఉంటే ఎవరో పశువైద్యుడి పేపర్లు కూడా మీ ఖాతాలో పడతాయి. అవి మీ సంఖ్యను పెంచుతాయి కాబట్టి కొందరు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఎంపిక కమిటీలో ఒక్కరు గమనించినా, మీ నిజమైన పేపర్లను కూడా అనుమానంగానే చూస్తారు. మీవి కానివన్నీ తీసేయండి.

ఆ తర్వాత సెట్టింగ్స్‌లో, కొత్త పేపర్లను ఆటోమేటిక్‌గా చేర్చకుండా ముందు ఈమెయిల్ పంపి మిమ్మల్ని అడిగే ఎంపికను పెట్టుకోండి. నా దృష్టిలో ఈ ప్రొఫైల్ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన సెట్టింగ్ ఇదే.

ఇప్పుడు డూప్లికేట్లు. జాబితాను శీర్షికల వరుసలో చదవండి. ఒకే పేపర్ ప్రిప్రింట్‌గా (జర్నల్‌కు మొదట పంపిన రూపంగా) ఒకసారి, జర్నల్‌లో వచ్చినదిగా ఒకసారి, అక్షరదోషంతో మూడోసారి కనిపించవచ్చు. వాటిని టిక్ చేసి మెర్జ్ నొక్కండి. ఏ రికార్డు వివరాలు ఉంచాలో అడుగుతుంది, జర్నల్ రూపాన్నే ఎంచుకోండి. కొన్నిటి పక్కన చదరపు బ్రాకెట్లలో "సైటేషన్" అని ఉంటుంది. అంటే స్కాలర్‌కు ఆ పేపర్ నేరుగా దొరకలేదు, ఇతరుల రిఫరెన్సుల్లో మాత్రమే కనిపించిందని అర్థం. చాలాసార్లు అది మీ పేపర్‌నే ఎవరో సంవత్సరమో శీర్షికో తప్పుగా రాస్తే పుట్టిన రికార్డు. మీదేనని తేలితే చేర్చి, అసలుదానితో కలపండి. కలిపాక సంఖ్య పక్కన నక్షత్రం గుర్తు (*) వస్తే భయపడనక్కర్లేదు. కలిపిన రికార్డుల సైటేషన్లు కూడా ఇందులో ఉండొచ్చని చెప్పడమే దాని పని.

హెచ్చరిక: శీర్షిక దగ్గరదగ్గరగా ఉన్నంత మాత్రాన సదస్సు పేపర్‌ను, దాన్ని విస్తరించి రాసిన జర్నల్ పేపర్‌ను కలపకండి. అవి రెండు వేర్వేరు రచనలు.

చివరగా మీ పేజీలోనే ఫాలో బటన్ నొక్కి "కొత్త సైటేషన్లు" ఎంచుకోండి. ఎవరైనా మిమ్మల్ని ఉదహరిస్తే మెయిల్ వస్తుంది.

3. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్

స్కోపస్‌లో మీరు ఖాతా తెరవకపోయినా మీకొక రచయిత ఐడీ ఉంటుంది, యంత్రమే ఇచ్చేస్తుంది. పేరు రెండు రూపాల్లో ఉన్నా, సంస్థ మారినా రెండు ఐడీలు పుట్టే అవకాశం ఉంది. చందా లేనివాళ్లు కూడా రచయితలను వెతుక్కునే ఉచిత పేజీ ఉంది. మీ పేరు రూపాలన్నిటితో అక్కడ వెతకండి. ఒకటికి మించి ఐడీలు దొరికితే రచయిత వివరాల సవరణ అభ్యర్థన ద్వారా కలపమని అడగండి, తర్వాత ఆర్కిడ్‌తో జోడించండి. వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఉచితంగా నమోదు చేసుకుని మీ ప్రొఫైల్‌ను "ఇది నాదే" అని తీసుకోవచ్చు.

మీ జర్నల్ ఆ డేటాబేసులో లేకపోతే అక్కడ మీ పేపర్ కనిపించదు. దానికి మీరు చేయగలిగింది ఏమీ లేదు. డబ్బు తీసుకుని పేపర్‌ను స్కోపస్‌లో చేర్పిస్తామని మెయిళ్లు పంపేవాళ్లను నమ్మకండి. డేటాబేసులు తీసుకునేది జర్నళ్లను, ఎవరో సిఫారసు చేసిన విడి పేపర్లను కాదు.

ఒక్కోచోట ఒక్కో సంఖ్య ఎందుకంటే, ఒక్కొక్కరు లెక్కపెట్టే రాశి వేరు. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రిప్రింట్లు, పుస్తకాలు, నివేదికలు అన్నీ లెక్కేస్తుంది. మిగతా రెండూ తాము ఎంచుకున్న జర్నళ్లు, సదస్సులు, పుస్తకాల వరకే చూస్తాయి. చాలా రంగాల్లో స్కాలర్ సంఖ్యే పెద్దదిగా ఉంటుంది. మూడూ వాటి వాటి పరిధిలో నిజమే. దరఖాస్తులో రాసేటప్పుడు మాత్రం ఏ డేటాబేసు, ఏ తేదీ అన్నది తప్పక రాయండి. ఒకదాంట్లోని సైటేషన్ల సంఖ్యను, ఇంకోదాంట్లోని హెచ్-ఇండెక్స్‌ను (ఇదేమిటో 5వ మెట్టులో ఉంది) కలిపి రాయడం నేను తరచూ చూసే తప్పు.

వీటికి తోడు ఉచితంగా దొరికే ఓపెన్‌అలెక్స్‌లో కూడా మీ పేరు వెతకండి. మైక్రోసాఫ్ట్ తన విద్యావిషయక డేటాను 2021 చివర్లో ఆపేశాక, ఆ లోటు తీర్చడానికి 2022 జనవరిలో వచ్చింది ఇది. చందా కట్టలేని సంస్థల్లో ఉన్నవాళ్లకు నిజంగా ఉపకారం.

4. తప్పిపోయిన సైటేషన్లను వెతకండి

ఓపిక కావాలి, కానీ ఫలితం వెంటనే కనిపించే మెట్టు ఇది.

ముందు క్రాస్‌రెఫ్ వెతుకులాట పేజీలో మీ పేపర్ శీర్షిక కొట్టి వచ్చిన రికార్డును అక్షరం అక్షరం చదవండి. నా పేపర్ ఒకదానికి ఇక్కడే దెబ్బ తగిలింది. పీడీఎఫ్‌లో పేరు సరిగ్గానే ఉంది, ప్రచురణకర్త క్రాస్‌రెఫ్‌కు పంపిన వివరాల్లో మాత్రం ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. జొటెరో, మెండలే లాంటి రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్లు వివరాలు లాక్కునేది అక్కడినుంచే కదా! నన్ను ఉదహరించినవాళ్లలో చాలామంది ఆ తప్పు పేరునే అచ్చు వేశారు. రెండేళ్ల తర్వాత గానీ గమనించలేదు. ఈ రికార్డును మీరు దిద్దలేరు, ప్రచురణకర్త మాత్రమే దిద్దగలరు. డీఓఐ, ఇప్పుడున్న తప్పు, ఉండాల్సిన రూపం, ఈ మూడే రాసి వాళ్లకు మెయిల్ పెట్టండి.

తర్వాత మీ శీర్షికలో అరుదుగా ఉండే ఐదారు పదాల వరుసను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, గూగుల్ స్కాలర్‌లోనూ మామూలు గూగుల్‌లోనూ వెతకండి. మిమ్మల్ని ఉదహరించినా "సైటెడ్ బై" జాబితాలోకి రాని పేపర్లు ఇలాగే బయటపడతాయి. వెబ్ ఆఫ్ సైన్స్ అందుబాటులో ఉంటే అందులో "సైటెడ్ రిఫరెన్స్ సెర్చ్" అనే విడి వెతుకులాట ఉంది. పేజీ సంఖ్య, సంపుటి, సంవత్సరం తప్పుపడిన రూపాలన్నిటినీ అది వరుసగా చూపిస్తుంది.

దొరికిన ప్రతిదానికీ ఆ డేటాబేసు సహాయ విభాగానికి సవరణ అడగండి. ఇలా రాస్తే చాలు: "ఈ డీఓఐ ఉన్న పేపర్‌లో 23వ రిఫరెన్స్ నా పేపర్. నా పేపర్ డీఓఐ ఇది. రిఫరెన్స్‌లో సంవత్సరం తప్పుగా ఉండటం వల్ల రెండూ జతకాలేదు. ఆ పేజీ చిత్రం జతచేస్తున్నాను." కథ వద్దు, కోపం వద్దు. గూగుల్ స్కాలర్‌లో మాత్రం ఇలా ఒక్కో సైటేషన్‌ను చేర్పించే దారి లేదు. మూలంలో తప్పు సరిదిద్దినా, అక్కడ మారడానికి నెలలు పట్టొచ్చు.

5. లెక్క పట్టిక పెట్టండి

స్ప్రెడ్‌షీట్‌లో వరుసకు ఒక పేపర్. నిలువు గడుల్లో డీఓఐ, అచ్చయిన నెల, చూసిన తేదీ, స్కాలర్, స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ సంఖ్యలు, వాటిలో మీరూ మీ సహరచయితలూ చేసుకున్నవి ఎన్ని. మూడు నెలలకోసారి కొత్త తేదీతో నింపండి, పాత సంఖ్యలను చెరపకండి. రోజూ చూడటం వల్ల ఒరిగేదేమీ లేదు, మనసు పాడవడం తప్ప.

హెచ్-ఇండెక్స్‌ను చేత్తో ఒకసారి లెక్కపెట్టి చూడండి. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన కొలత ఇది. కనీసం మూడేసి సైటేషన్లున్న పేపర్లు మూడు ఉంటే హెచ్ 3, నాలుగేసి ఉన్నవి నాలుగు ఉంటే 4, అలా వీలైనంత పెద్ద సంఖ్య. మీ పేపర్ల సైటేషన్లు 25, 14, 9, 6, 5, 2 అనుకుందాం. పెద్దదానినుంచి చిన్నదానికి వరుస పెట్టి, స్థానం సంఖ్యను సైటేషన్ల సంఖ్యతో పోల్చండి. ఐదో పేపర్‌కు ఐదు ఉన్నాయి, ఆరోదానికి రెండే. కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. కనీసం పది సైటేషన్లున్న పేపర్లు రెండు కాబట్టి స్కాలర్ చూపే ఐ10-ఇండెక్స్ 2. హెచ్ 6 కావాలంటే ఐదోదానికి ఇంకొకటి, ఆరోదానికి ఇంకా నాలుగు రావాలి. 25 ఉన్న పేపర్‌కు ఇంకో వంద వచ్చినా హెచ్ కదలదు. ఈ కొలత ఎంత మోటుదో ఈ చిన్న లెక్కలోనే తెలిసిపోతుంది. గణితంలో పనిచేసేవారి సంఖ్యను వైద్య పరిశోధకుల సంఖ్యతో ఎప్పుడూ పోల్చకండి. రెండు రంగాల్లో రిఫరెన్సుల అలవాటే వేరు.

పట్టికలో ఇంకొక షీటు తెరవండి. ఇది చాలామంది చేయరు, నేను మాత్రం పట్టుబట్టి చేయిస్తాను. మిమ్మల్ని ఉదహరించిన ప్రతి పేపర్‌ను తెరిచి, మీ పేరు వచ్చిన వాక్యాన్ని కాపీ చేసి అందులో పెట్టండి. పక్కనే ఒక మాట రాయండి: నేపథ్యం, పద్ధతి, పోలిక, విమర్శ. సెమాంటిక్ స్కాలర్ అనే వెతుకులాట సేవ ఈ వర్గీకరణను కొంతవరకు యంత్రంతో చేసిపెడుతుంది, సైట్ (scite) అనే సేవ సమర్థించినవి, విభేదించినవి విడదీసి చూపిస్తుంది. అయినా స్వయంగా చదవండి. ఇరవై వాక్యాలు చదివేసరికి మీ పేపర్‌లో జనం దేన్ని వాడుకుంటున్నారో తెలుస్తుంది. మీరు గొప్పగా అనుకున్న ఫలితాన్ని వదిలేసి, అనుబంధంలో పెట్టిన ఒక పట్టికను అందరూ వాడుతుండవచ్చు. తర్వాతి పేపర్ ఏమిటో అక్కడే దొరుకుతుంది.

6. పేపర్ అందరికీ అందేలా చేయండి

ఇక పెంచుకోవడం. డబ్బు కడితే గానీ తెరుచుకోని పేపర్‌ను చదవకుండా పక్కన పెట్టేవాళ్లు ఎందరో. దీనికి మీరు డబ్బు కట్టి ఓపెన్ యాక్సెస్ (అందరూ ఉచితంగా చదివే వీలు) కొనాల్సిన పనిలేదు. చాలా జర్నళ్లు, అంగీకారం పొందిన రాతప్రతిని రచయిత తన సంస్థ రిపాజిటరీలో (పేపర్లు దాచే ఆన్‌లైన్ భాండాగారంలో) పెట్టుకోవడానికి అనుమతిస్తాయి, కొన్ని ఆరు నెలలో ఏడాదో ఆగమంటాయి. షెర్పా రోమియో పేరుతో చాలాకాలం నడిచిన ప్రచురణకర్తల విధానాల జాబితాలో మీ జర్నల్ పేరు కొట్టి చూడండి, లేదా జర్నల్ సొంత విధానాల పేజీ చదవండి.

మూడు రూపాల తేడా గట్టిగా గుర్తుపెట్టుకోండి. జర్నల్‌కు మొదట పంపినది ప్రిప్రింట్. రివ్యూ తర్వాత అంగీకరించినది, జర్నల్ పేజీ అలంకరణ లేనిది, అంగీకృత ప్రతి. జర్నల్ లోగోతో వచ్చిన పీడీఎఫ్ తుది ప్రతి. చందా జర్నళ్లలో ఈ మూడోదాన్ని ఎక్కడపడితే అక్కడ పెట్టడమే ఎక్కువమంది చేసే తప్పు, తీసేయమని నోటీసు వచ్చేది కూడా దీనికే.

ప్రిప్రింట్ పెట్టదలిస్తే మీ రంగంవారు చూసే చోటే పెట్టండి. భౌతిక, గణిత, కంప్యూటర్ శాస్త్రాలకు 1991 నుంచి నడుస్తున్న ఆర్కైవ్ (arXiv) ఉంది, జీవశాస్త్రానికి బయోఆర్కైవ్ ఉంది, సామాజిక శాస్త్రాలకు ఎస్ఎస్ఆర్ఎన్ ఉంది. జర్నల్‌లో అచ్చయ్యాక, ప్రిప్రింట్ పేజీలో జర్నల్ డీఓఐ తప్పక చేర్చండి. చేర్చకపోతే సైటేషన్లు రెండుగా చీలిపోయి, మళ్లీ 2వ మెట్టుకు వెళ్లాల్సి వస్తుంది.

సరిచూసుకోండి: పెట్టిన పీడీఎఫ్‌లో మౌస్‌తో అక్షరాలు ఎంచుకోవడానికి వీలవుతోందా? స్కాన్ చేసిన బొమ్మ అయితే వెతుకులాటకు దొరకదు. ఫైలు 5 ఎంబీ దాటకూడదు, అంతకంటే పెద్దవాటిని గూగుల్ స్కాలర్ తీసుకోదు. మొదటి పేజీ పైన శీర్షిక పెద్ద అక్షరాల్లో, దాని కిందే రచయితల పేర్లు ఉండాలి. ముందు సంస్థ ముఖపత్రం పెడితే స్కాలర్ సంస్థ పేరునే శీర్షిక అనుకునే ప్రమాదం ఉంది.

7. తర్వాతి పేపర్ శీర్షిక, సారాంశం వెతికేవాడి మాటల్లో రాయండి

అచ్చయిపోయిన శీర్షికను మార్చలేం, కాబట్టి ఇది రాబోయే పేపర్ కోసం. మీ సమస్య గురించి ఇంకో పరిశోధకుడు వెతుకులాట గడిలో ఏం టైపు చేస్తాడో ఐదు రూపాలు రాసుకోండి. వాటిలో ముఖ్యమైన రెండు మూడు మాటలు శీర్షికలో, మిగతావి సారాంశంలో, కీవర్డుల్లో సహజంగా రావాలి. మీరే పుట్టించిన సంక్షిప్త నామంతో శీర్షిక మొదలుపెట్టకండి, దాన్ని ఎవరూ వెతకరు. సారాంశంలో "ఫలితాలను చర్చించాం" అని రాసి వదిలేయకుండా, ఫలితమేమిటో సంఖ్యతో సహా చెప్పండి. సారాంశం మాత్రమే చదివి, పూర్తిది తెరవాలా వద్దా అని తేల్చుకునేవాళ్లే ఎక్కువ.

సరిచూసుకోండి: ఆ ఐదు రూపాలతో స్కాలర్‌లో వెతికి, పైన వచ్చిన పేపర్ల శీర్షికల పక్కన మీది పెట్టి చూడండి. ఒకే సంభాషణలోని మాటల్లా అనిపించాలి.

8. ఇతరులు వాడుకోగలిగేది ఇవ్వండి

ఈ వరుసలో ఒక్క మెట్టే చేస్తానంటే ఇదే చేయమంటాను.

ద్రావణంలో ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతిపై ఆలివర్ లౌరీ బృందం 1951లో ఒక పేపర్ వేసింది. 2014లో నేచర్ పత్రిక అత్యధిక సైటేషన్ల పేపర్ల జాబితా తీసినప్పుడు మొదటి స్థానం దానిదే, 3 లక్షలకు పైగా సైటేషన్లతో. రెండో, మూడో స్థానాలు కూడా ప్రోటీన్ ప్రయోగ పద్ధతులవే. డీఎన్ఏ జంట సర్పిలాన్ని చెప్పిన పేపర్‌కు ఆ మొదటి వందలో చోటు లేదు. గొప్ప ఆవిష్కరణ త్వరలోనే పాఠ్యపుస్తకంలోకి ఎక్కుతుంది, దాన్ని ఎవరూ ప్రత్యేకంగా ఉదహరించరు. పద్ధతిని మాత్రం వాడిన ప్రతిసారీ చెప్పుకోవాలి.

మీ పేపర్‌లో అలా వాడుకోదగ్గది ఏముంది? శుభ్రం చేసిన డేటా, కోడ్, ప్రశ్నావళి, కొలత విధానం, ఏదైనా సరే విడిగా బయటపెట్టండి. 2013లో ఐరోపా కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లో మొదలైన జెనోడో అనే రిపాజిటరీలో ఉచితంగా పెట్టొచ్చు, దానికి విడిగా డీఓఐ కూడా వస్తుంది. కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో మీ కోడ్ ఉంటే, ఎలా ఉదహరించాలో చెప్పే సైటేషన్ ఫైలును ఆ ఫోల్డర్‌లో పెట్టండి. 2021 నుంచి గిట్‌హబ్ దాన్ని చదివి పేజీ పక్కనే బటన్‌గా చూపిస్తోంది. డేటా పేజీ మీద "దీన్ని వాడితే ఈ పేపర్‌ను ఉదహరించండి" అని రాసి, కింద బిబ్‌టెక్ (రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్లు చదివే) రూపం కూడా ఇవ్వండి. కాపీ చేసుకోవడానికి సిద్ధంగా ఉన్న రిఫరెన్స్‌లో తప్పులు పడవు.

హెచ్చరిక: మనుషుల వివరాలున్న డేటాను గుర్తింపు తొలగించకుండా, నైతిక కమిటీ అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి. అది కుదరకపోతే ప్రశ్నావళి, విశ్లేషణ కోడ్ మాత్రం పెట్టండి.

9. చదవాల్సినవాళ్లకు చెప్పండి

పేపర్ వచ్చిన వారంలోపు, ఎవరి పని మీద మీ పేపర్ నిజంగా ఆధారపడిందో అలాంటి ఐదారుగురిని ఎంచుకుని మెయిల్ రాయండి. వందమందికి ఒకే మెయిల్ వద్దు. ఇలా ఉండొచ్చు:

"నమస్కారం. మీరు ప్రతిపాదించిన కొలతను మేం పొడి నేలల మీద పరీక్షించాం. తేమ తక్కువగా ఉన్నప్పుడు అంచనా ఎక్కువగా వస్తోంది. పేపర్, డేటా లింకులు కింద ఉన్నాయి. మీ మూలపాఠంలోని నాలుగో పట్టికలో కూడా ఇలాంటి ధోరణి ఉన్నట్టు నాకనిపించింది. మీరేమంటారు?"

"దయచేసి నా పేపర్‌ను ఉదహరించండి" అన్న మాట ఇందులో లేదు, ఎప్పుడూ ఉండకూడదు. జవాబు రాకపోయినా ఒకటి రెండు రోజుల్లో గుర్తుచేయకండి. సదస్సులో మాట్లాడేటప్పుడు చివరి స్లైడ్‌లో "ధన్యవాదాలు" అని పెద్దగా రాసే బదులు డీఓఐ, డేటా లింకు పెట్టి, ప్రశ్నలు నడిచినంతసేపూ అలాగే ఉంచండి. ఎవరైనా కాపీ అడిగితే ఆరోజే పంపండి. సోషల్ మీడియాలో పెట్టడం వల్ల నష్టం లేదు, కానీ అక్కడి లైకులు సైటేషన్లుగా మారతాయని ఎదురుచూడొద్దు.

చేయకూడనివి

డబ్బిచ్చి సైటేషన్లు కొనకండి. "నువ్వు నన్ను, నేను నిన్ను" అనే గుంపుల్లో చేరకండి. ఇలాంటి అల్లికలు డేటాలో స్పష్టంగా కనబడతాయి. హద్దుమీరిన స్వీయ సైటేషన్లకు, జర్నళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలకు శిక్షగా, వెబ్ ఆఫ్ సైన్స్ నడిపే క్లారివేట్ సంస్థ కొన్ని జర్నళ్లకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్ల సగటు సైటేషన్ల కొలత) ఇవ్వకుండా ఆపేసిన సందర్భాలు ఉన్నాయి. మీ పాత పని మీద కొత్తది నిలబడితే మిమ్మల్ని మీరు ఉదహరించుకోవడం తప్పు కాదు, అవసరం కూడా. ఆ రిఫరెన్స్ తీసేస్తే వాక్యం ఆధారం కోల్పోతుందా అని చూడండి. కోల్పోకపోతే తీసేయండి.

రివ్యూ చేసేవారు తమ పేపర్లు ఐదారు చేర్చమంటే? సంబంధమున్నవి చేర్చండి. మిగతావాటి గురించి "ఇవి మా విషయానికి ఎలా వర్తిస్తాయో మాకు అర్థం కాలేదు" అని జవాబులో మర్యాదగా రాసి, ఎడిటర్‌కు విడిగా చెప్పండి. ఇలా ఒత్తిడి చేయడం ప్రచురణ నైతిక సూత్రాలకు విరుద్ధం, ఎడిటర్లకు అది తెలుసు. మీరు రివ్యూ చేసేటప్పుడూ ఇదే వర్తిస్తుంది.

ఫలితం వచ్చిందో లేదో చూడటం

1 నుంచి 4 వరకు చేసిన పని ఫలితం వారాల్లో, కొన్నిచోట్ల నెలల్లో తెలుస్తుంది. 6 తర్వాతివాటికి కనీసం ఏడాదిన్నర ఇవ్వండి. మీ పేపర్ చదివిన మనిషి తన ప్రయోగం చేసి, రాసి, రివ్యూ దాటి అచ్చయ్యేదాకా మీకు సంఖ్య కనిపించదు. ఆలోగా చూడదగ్గవి వేరే ఉన్నాయి: రిపాజిటరీలో డౌన్‌లోడ్లు, జెనోడోలో వీక్షణలు, డేటా గురించి వచ్చే ప్రశ్నలు. అచ్చయిన సైటేషన్‌కు ముందు చాలాసార్లు ఒక ప్రశ్న వస్తుంది.

రెండేళ్లు దాటినా సున్నానో, ఒకటి రెండో ఉంటే ఈ వరుసలో చూడండి. శీర్షిక మొత్తం కొడితే స్కాలర్‌లో పేపర్ వస్తోందా? రాకపోతే ఇండెక్సింగ్ సమస్య (స్కాలర్ పేపర్‌ను తన జాబితాలోకి తీసుకోలేదు), 6వ మెట్టు. శీర్షికతో వస్తోంది కానీ విషయం కొడితే మొదటి మూడు పేజీల్లో లేదా? మాటల సమస్య, 7వ మెట్టు. డౌన్‌లోడ్లు ఉన్నాయి, సైటేషన్లు లేవా? చదువుతున్నారు, వాడుకోవడానికి ఏమీ దొరకడం లేదు, 8వ మెట్టు. ఇవన్నీ సరిగానే ఉంటే, ఆ విషయంలో ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లు ఎందరో లెక్కపెట్టండి. గత రెండేళ్లలో దాని మీద ప్రపంచం మొత్తంలో పది పేపర్లే వచ్చి ఉంటే, మీకు వచ్చిన రెండు సైటేషన్లు తక్కువేం కాదు. మెండెల్ బఠాణీ మొక్కల ప్రయోగాలు 1866లో అచ్చయ్యాయి, 1900 దాకా దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. అలాంటి పేపర్ విషయంలో మీరు చేయాల్సింది ఒకటే: పీడీఎఫ్, డేటా, డీఓఐ లింకులు పనిచేస్తున్నాయో లేదో ఏడాదికోసారి నొక్కి చూడటం, తెగిపోయిన లింకును ఆరోజే బాగుచేయడం.